థాంక్స్‌గివింగ్ వంటకాలకు కొలతలు కూడా ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

నవంబరు వచ్చిందంటే మన తెలుగు పత్రికల ఎన్నారై పేజీల్లో థాంక్స్‌గివింగ్ మీద ఒక వ్యాసం, పక్కనే బ్లాక్ ఫ్రైడే తగ్గింపుల జాబితా, అడుగున ‘పంప్‌కిన్ పై’ (మైదా పొరలో గుమ్మడి గుజ్జు, పాలు, గుడ్ల మిశ్రమం పోసి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం) తయారీ కనబడతాయి. తగ్గింపుల సంగతి అలా ఉంచితే, నా బాధంతా ఆ వంటకం గురించే. ఒక డబ్బా గుమ్మడి గుజ్జు, రెండు కప్పుల మైదా, తగినంత వెన్న, బంగారు రంగు వచ్చేదాకా బేక్ చేయాలి అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తే చేసేవాళ్లకు ఏం తెలుస్తుంది? డబ్బా ఎంతది, కప్పు ఎంతది, ఓవెన్ ఎంత వేడిలో ఉండాలి? పులిహోరకి ‘తగినంత’ అంటే చాలు, కలుపుతూ రుచి చూసి సర్దుకుంటాం. ఓవెన్‌లోకి వెళ్లిపోయినదాన్ని సర్దడానికి ఏమీ ఉండదు.

ఇవి చదివి చేయాలనుకునేది ఎక్కువగా పిల్లల దగ్గరికి ఆర్నెల్లకని వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యలు. అమెరికాలో కృతజ్ఞతలు చెప్పుకునే ఈ పండగ నవంబరు నాలుగో గురువారం వస్తుంది, ఆరోజూ మర్నాడు శుక్రవారమూ బడులకు సెలవు. ఇంట్లో మనవలుంటారు, పెద్దవాళ్లకు తీరిక ఉంటుంది. తెలుగులో చదివి తప్పు లేకుండా చేయగలిగేలా రాస్తే ఆ నాలుగు రోజులు ఎంత బాగుంటాయో ఆలోచించండి. మీ కుటుంబం పేజీకి పనికొస్తుందని కొలతలతో సహా రాస్తున్నాను.

ముందు గుమ్మడికాయ. హాలోవీన్‌కి ముఖం చెక్కి గుమ్మం ముందు పెట్టిన కాయను ఈ ‘పై’ వంటకానికి వాడొద్దు. దాంట్లో పీచు, నీరు ఎక్కువ, రుచి తక్కువ. పైగా కోసిన కాయ రోజుల తరబడి బయటే ఉంటుంది. అమెరికాలో డబ్బాల్లో దొరికే గుజ్జు ఎక్కువగా ఇల్లినాయ్‌లో మోర్టన్ చుట్టుపక్కల పండే డికిన్సన్ రకానిది. అది కుకుర్బిటా మోస్కాటా అనే జాతి. మనం పులుసులో, దప్పళంలో వేసుకునే తీపి గుమ్మడీ ఆ జాతిదే. కాబట్టి ఇండియన్ స్టోర్లలో ముక్కలు కోసి అమ్మే గుమ్మడితో నిక్షేపంగా చేసుకోవచ్చు. బూడిద గుమ్మడి మాత్రం దీనికి పనికిరాదు, అది వేరే మొక్క.

కిలో ముక్కకు సుమారు 425 గ్రాముల గుజ్జు వస్తుంది, ఒక ‘పై’కి సరిగ్గా అంతే కావాలి. కుక్కర్లో ఉడికించొద్దు, నీరు పట్టేస్తుంది. గింజలు తీసి, కోసిన వైపు ట్రేకి ఆనేలా బోర్లించి, 400 ఫారన్‌హీట్, అంటే 200 సెల్సియస్‌లో, 45 నిమిషాల నుంచి గంట కాల్చాలి. చాకు సులువుగా దిగితే అయినట్టే. గుజ్జు మిక్సీలో మెత్తగా తిప్పి, పల్చటి బట్టలో గంటసేపు వేలాడదీయాలి. గరిటెతో తీసి పళ్లెంలో పెడితే కుప్పగా నిలబడాలి. చుట్టూ నీరు ఊరుతుంటే బాణలిలో సన్నసెగ మీద ఇంకొంచెం ఇగర్చాలి. ఈ పని మానేస్తే ‘పై’ అడుగు పొర తడిసి ముద్దవుతుంది, ఎంత సేపు కాల్చినా కోలుకోదు.

డబ్బా కొంటే రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. గుజ్జు డబ్బా పక్కనే ‘పై ఫిల్లింగ్’ డబ్బా ఉంటుంది, దాంట్లో చక్కెర, మసాలా ముందే కలిపి ఉంటాయి. అలాగే కావలసింది ఎవాపొరేటెడ్ పాలు (చక్కెర కలపకుండా నీరు ఇగిర్చి చిక్కబరిచినవి), తీపి కండెన్స్‌డ్ పాలు కాదు. ఊళ్లో చేసేవాళ్లు చిక్కటి పాలు 800 మిల్లీలీటర్లు 350 అయ్యేదాకా మరిగించి, పూర్తిగా చల్లార్చి వాడుకోవచ్చు. వేడి పాలలో గుడ్లు వేస్తే ఉండలు కట్టేస్తాయి.

ఇక అడుగు పొర. 9 అంగుళాల పళ్లేనికి మైదా 160 గ్రాములు, ఉప్పు లేని వెన్న 113 గ్రాములు, ఉప్పు అర చెంచా, చక్కెర ఒక చెంచా, ఐసు నీళ్లు 45 నుంచి 60 మిల్లీలీటర్లు. చెంచా అంటే 5 మిల్లీలీటర్ల కొలత చెంచా. మైదా తూచి వేయమని గట్టిగా రాయండి. అమెరికన్ కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. మైదాను చెంచాతో వదులుగా నింపి పైన చదును చేస్తే ఆ కప్పులో 125 గ్రాములు పడుతుంది, కప్పునే సంచిలో ముంచి తీస్తే 150 దాకా దిగుతుంది. ఆ పాతిక గ్రాముల తేడాకే పిండి పొడిబారి, అప్పడాల కర్ర కింద పగుళ్లిస్తుంది.

చపాతీ పిండి కలిపిన చేతికి ఇక్కడే కష్టం. చపాతీకి ఎంత పిసికితే అంత మంచిది, దీనికి ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్నను ముక్కలు కోసి, వేళ్ల కొసలతో మైదాలో నలపాలి. బఠాణీ గింజంత ముక్కలు కంటికి కనబడుతుండగానే ఆపేయాలి. వెన్నలో ఆరో వంతు దాకా నీరుంటుంది. ఓవెన్ వేడికి అది ఆవిరై పిండి పొరలను విడదీస్తుంది, గుల్లదనం అలా వస్తుంది. వెన్న చేతి వేడికే కరిగి పిండికి పట్టేస్తే పొరలు రావు, బిస్కెట్‌లా గట్టిపడుతుంది. నెయ్యితో చేసేవాళ్లు 90 గ్రాములు తీసుకుని, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి వాడాలి. దాంట్లో నీరు లేదు కాబట్టి పొరలు తక్కువే వస్తాయి, రుచి మాత్రం బాగుంటుంది.

ఐసు నీళ్లు చెంచాలతో చిలకరిస్తూ, గుప్పెట్లో నొక్కితే ముద్ద నిలిచేదాకా కలిపి, మూతపెట్టి గంట ఫ్రిజ్‌లో ఉంచాలి. తర్వాత 3 మిల్లీమీటర్ల మందాన వత్తి, పళ్లెంలో సాగదీయకుండా పరచాలి. లాగి అతికిస్తే ఓవెన్‌లో అంచులు జారి కుంచించుకుపోతాయి. పరిచాక మళ్లీ అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. పళ్లెం లోహంది అయితే మంచిది, చల్లటి గాజు పళ్లెం నేరుగా వేడి ఓవెన్‌లోకి వెళ్తే పగలొచ్చు. పొర మీద బేకింగ్ కాగితం వేసి, అంచుల దాకా ఎండు శనగలు నింపి, 400 ఫారన్‌హీట్‌లో 15 నిమిషాలు కాల్చి, శనగలు, కాగితం తీసి ఇంకో 5 నుంచి 7 నిమిషాలు ఉంచాలి. ఆ శనగలు మళ్లీ వండుకోవడానికి పనికిరావు, మళ్లీ ‘పై’ చేసేటప్పటి కోసమే సీసాలో దాచుకోవచ్చు.

లోపలికి గుజ్జు 425 గ్రాములు, ఎవాపొరేటెడ్ పాలు 350 మిల్లీలీటర్లు, చక్కెర 150 గ్రాములు, గుడ్లు 2, ఉప్పు అర చెంచా, దాల్చినచెక్క పొడి ఒక చెంచా, శొంఠి పొడి అర చెంచా, లవంగాల పొడి పావు చెంచా. శొంఠికి బదులు పచ్చి అల్లం రసం వేయొద్దు, పాలు విరిగినట్టవుతాయి. లవంగాలు ఇంట్లో దంచితే ఘాటు ఎక్కువ, పావు చెంచా దాటనివ్వకండి. అన్నీ కలిపి పోసి, కింది అరలో 425 ఫారన్‌హీట్‌లో, అంటే 220 సెల్సియస్‌లో, 15 నిమిషాలు, తర్వాత వేడి 350కి, అంటే 175 సెల్సియస్‌కి తగ్గించి, 40 నుంచి 50 నిమిషాలు కాల్చాలి. అంచు నల్లబడుతుంటే దానికి మాత్రం ఫాయిల్ చుట్టాలి.

ఎప్పుడు తీయాలన్నదే అసలు కిటుకు. అంచు గట్టిపడి, నడుమ అరచేతి వెడల్పు మాత్రం పళ్లెం కదిపితే తొణకాలి. ఆ తొణుకు తగ్గేదాకా ఓవెన్‌లో ఉంచితే గుడ్డు బిగుసుకుపోయి, చల్లారేటప్పుడు నడిమి నుంచి పగులుతుంది, కోసినచోట నీరు ఊరుతుంది. తీసిన వేడికే మిగతాది ఉడుకుతుంది. జాలీ మీద రెండు గంటలు చల్లారనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. బుధవారమే చేసి పెట్టుకోవడం మేలు. టర్కీ కోడి వండే ఇళ్లలో గురువారం ఓవెన్ ఖాళీ ఉండదు.

గుడ్డు తినని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి, అయినా ఈ వంటకం రాసేవాళ్లు ‘గుడ్డు మానేయవచ్చు’ అని ఒక్క మాటతో వదిలేస్తారు. మానేస్తే ‘పై’ గడ్డకట్టదు. గుడ్లకు బదులు 30 గ్రాముల కార్న్‌స్టార్చ్ కావాలి. మన దేశంలో కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మేది అదే, అమెరికా షాపులో ఆ పేరుతో అడిగితే పసుపు రంగు మొక్కజొన్న పిండి చేతికిస్తారు. ఆ కార్న్‌స్టార్చ్‌ను 300 మిల్లీలీటర్ల చల్లటి చిక్కటి పాలలో ఉండలు లేకుండా కలిపి, గుజ్జు, చక్కెర, మసాలా పొడులు చేర్చి, పొయ్యి మీద ఆపకుండా కలుపుతూ బుడగలు వచ్చాక రెండు నిమిషాలు ఉడికించాలి. బుడగలు రాకముందే దింపితే పచ్చి పిండి వాసన పోదు, గట్టిపడదు. శనగలు తీశాక ఎర్రగా పూర్తిగా కాల్చిన పొరలో పోసి, ఆరు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే శుభ్రంగా ముక్కలు కోయొచ్చు.

చేతిపనుల గురించి కూడా కొంచెం రాయాలి. పిల్లలకు తేలికైనది ఉప్పు పిండి బొమ్మలు. మైదా 240 గ్రాములు, మెత్తని ఉప్పు ఒక అమెరికన్ కప్పు, నీళ్లు 180 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి అవసరమైతే కాస్త ఎక్కువ. దీన్ని మాత్రం చపాతీ పిండిలా బాగా పిసకాలి. 6 మిల్లీమీటర్ల మందాన వత్తి, ఆకు ఆకారంలో కోసి, దారానికి బెజ్జం ముందే పొడిచి, 250 ఫారన్‌హీట్‌లో, అంటే 120 సెల్సియస్‌లో, రెండు గంటలకు పైగా, నడుమ ఒకసారి తిప్పి, ఆరబెట్టాలి. తొందరపడి వేడి పెంచితే లోపలి నీరు ఆవిరై బొమ్మ ఉబ్బుతుంది. రంగు ఆరాక రెండు వైపులా వార్నిష్ వేయాలి. ఉప్పు గాల్లో తేమ లాగుతుంది, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వార్నిష్ లేని బొమ్మ వానాకాలానికి మెత్తబడిపోతుంది. ఇంట్లో కుక్క ఉంటే ఇవి దానికి అందకూడదు, అంత ఉప్పు తింటే ప్రాణం మీదికొస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కృతజ్ఞతల చెట్టు. సీసాలో గులకరాళ్లు పోసి నాలుగు ఎండుకొమ్మలు నిలబెట్టి, ఒక్కొక్కరు ఒక్కో ఆకు మీద ఎవరికి, ఎందుకు కృతజ్ఞత చెబుతున్నారో రాసి వేలాడదీయడం. నిజమైన మేపుల్ ఆకులు వాడాలంటే అక్టోబరు చివర్లోనే ఏరుకోవాలి. న్యూజెర్సీలో పండగనాటికి చెట్లు దాదాపు బోసిపోతాయి. తడి లేని ఆకులను న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, పైన బరువు పెట్టి, ఒకటి రెండుసార్లు కాగితాలు మారుస్తూ వారం పదిరోజులు ఉంచాలి. అలా చేయని ఆకు రెండ్రోజుల్లో ముడుచుకుపోతుంది. పెయింట్ పెన్నుతో రాయాలి, బాల్‌పెన్ చింపుతుంది. పెద్దవాళ్లు తెలుగులోనే రాయాలని నా కోరిక, మనవలు కూడబలుక్కుని చదువుతారు. పిల్లల్ని ‘దేనికి థాంక్‌ఫుల్’ అని అడిగితే అమ్మ, నాన్న, ఐప్యాడ్ అని ముగించేస్తారు. ‘ఈ ఏడాది నీకు కొత్తగా ఏదైనా నేర్పినవాళ్లెవరు’ అని అడగండి, బస్సు డ్రైవరు పేరో, పక్కింటి పాప పేరో బయటికొస్తుంది.

ఒక్క చేతిపనిని మాత్రం మీ పేజీలో వేయొద్దని మనవి. కాగితపు ఈకల కిరీటాలు పెట్టి పిల్లల్ని ‘రెడ్ ఇండియన్లు’గా తయారుచేసే బొమ్మలు ఇప్పటికీ కనబడుతున్నాయి. ఈ పండగకు మొదలని చెప్పుకునే విందు 1621లో ఇప్పటి మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో జరిగింది, అక్కడ ఇంగ్లిషు వలసదారులతో కలిసి మూడు రోజులు విందు చేసింది వాంపనోగ్ అనే ఆదివాసీ ప్రజలు. ఆ పెద్ద ఈకల కిరీటాలు వాళ్లవి కావు, దూరాన మైదాన ప్రాంతాల జాతులవి, అక్కడ అవి గౌరవంతో సంపాదించుకోవాల్సినవి. 1970 నుంచి ఏటా ఇదే గురువారం ప్లిమత్‌లో ఆదివాసులు జాతీయ సంతాప దినం పాటిస్తున్నారు. పండగ చేసుకునే ఇంట్లో పిల్లలకు ఆ మాట కూడా చెప్పాలి.

ఇంకో విషయం మన కుటుంబాలకు చాలా అవసరం. 2004లో అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి) థాంక్స్‌గివింగ్‌ను కుటుంబ ఆరోగ్య చరిత్ర దినంగా ప్రకటించారు. అందరూ ఒకచోట చేరతారు కాబట్టి ఎవరికి ఏ జబ్బు, ఏ వయసులో వచ్చిందో ఆరోజు అడిగి రాసుకోమని. మన ఇళ్లలో ‘తాతయ్యకు షుగరు’ అంతవరకే తెలుస్తుంది. డాక్టరుకు కావలసింది వయసు. గుండెపోటు 48లో వచ్చిందా, 75లో వచ్చిందా అన్నదాన్ని బట్టి మనవడికి పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టాలో ఆలోచిస్తారు. అమ్మ వైపు, నాన్న వైపు వేర్వేరుగా మూడు తరాలు రాసుకోవాలి. అలాగే స్టోరీకోర్ అనే సంస్థ 2015 నుంచి ఈ సెలవుల్లో పిల్లల చేత ఇంట్లో పెద్దల మాటలు రికార్డు చేయిస్తోంది. మనకు ఫోన్ చాలు. టీవీ ఆపి, ఒక్కరినే కూర్చోబెట్టి, ‘మీ ఊళ్లో నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చుకునేవాళ్లు’ లాంటి చిన్న ప్రశ్నతో మొదలుపెడితే మాటలు వాటంతటవే వస్తాయి.

ఈ రెండు పనులకూ ఊళ్లో ఉన్నవాళ్లకు ఫోన్ చేయాలి కదా, దానికి వేళ చూసుకోవాలి. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి జరుగుతుంది. ఆ తర్వాత న్యూజెర్సీ, అట్లాంటా కన్నా మన దేశం 10.30 గంటలు, డల్లాస్, చికాగో కన్నా 11.30, సియాటెల్, బే ఏరియా కన్నా 13.30 గంటలు ముందుంటుంది. న్యూజెర్సీలో సాయంత్రం 4కి విందుకు కూర్చుని ఫోన్ చేస్తే హైదరాబాదులో తెల్లవారుజాము 2.30. అదే ఉదయం 8కి చేస్తే అక్కడ సాయంత్రం 6.30, డల్లాస్ వాళ్లు తమ ఉదయం 8కి చేస్తే హైదరాబాదులో రాత్రి 7.30. సియాటెల్ వాళ్లు ఉదయం 7కే చేయాలి, అప్పటికే ఊళ్లో రాత్రి 8.30 అయి పెద్దవాళ్లు పడుకునే వేళవుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ