ఫిబ్రవరిలో మా ఊరికి వస్తే తాళాలే కనిపిస్తాయి, కలెక్టర్ గారూ

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నాది కోసిగి దగ్గర ఒక పల్లె. జిల్లాలో జనగణన బాధ్యత మీదే కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను. గుంటూరు, పల్నాడు కలెక్టర్లు కూడా చదవాలని అందరి ముందూ పెడుతున్నాను.

2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క, మార్చి 1 నాటికి ఎవరు ఎక్కడుంటే అక్కడ. ఆ నెలలో జనం కదలరని ఆ తేదీ పెట్టి ఉంటారు. కానీ మాకు ఫిబ్రవరి అంటే సుగ్గి, కూలి కోసం ఊరొదిలి పోయే కాలం. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని వైపు పల్లెల్లో వానకారు పంట చేతికొచ్చినా రాకపోయినా, ఆ తర్వాత ఊళ్ళో పని ఉండదు. పిల్లాజెల్లాతో, బియ్యం మూటలతో, వంట గిన్నెలతో బొలెరోలు ఎక్కి గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు పోతారు. తుంగభద్ర పక్కనే పారుతున్నా మా చేలు చాలావరకు వాన మీదే. మళ్ళీ ఊరు నిండేది ఉగాదికి.

2011 ఫిబ్రవరిలో నాకు పదేళ్ళు. అమ్మా నాన్నలతో, చెల్లెళ్ళతో గుంటూరు వైపు ఒక చేను గట్టున పట్ట గుడిసెలో ఉన్నాం. అమ్మ రోజంతా కాయలు కోసి వచ్చి, చేతులు మండుతుంటే మా చిన్న చెల్లిని ఎత్తుకోవడానికి కూడా భయపడేది. లెక్క రాసేవాళ్ళు ఎవరూ మా గుడిసె దాకా రాలేదు. ఊళ్ళో అవ్వ ఒక్కతే ఉంటే ఆమె పేరు రాసుకుని పోయారు. "మిగతావాళ్ళు సుగ్గికి పోయినారు నాయనా" అని చెప్పిందంట. ఆ సారు చేసింది తప్పు కాదు, ఆ నెలంతా ఊళ్ళో లేనివాళ్ళను ఉన్నచోటే రాయాలన్నది నియమం. మమ్మల్ని ఉన్నచోట కూడా ఎవరూ రాయలేదు, అంతే. దేశం 121 కోట్లని చెప్పిన ఆ లెక్కలో మా ఇంటి ఐదుగురం లేము. ఆ తర్వాత ప్రభుత్వమే సర్వే చేయించుకుంటే, వెయ్యికి 23 మంది లెక్క తప్పిపోయారని తేలింది. ఆ 23 మందిలో మాలాంటి సుగ్గి జనం ఎంతమందో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఇది ఎందుకింత పట్టించుకోవాలంటే, ఆ లెక్క మీదే మా ఊరికి అన్నీ వస్తాయి. ఆహార భద్రత చట్టం కింద దేశమంతా కలిపి 81 కోట్ల మందికి రేషన్ అన్న పరిమితి 2011 జనాభా చూసి పెట్టిందే, ఇప్పటికీ అదే నడుస్తోంది. పల్లెల్లో 400 నుంచి 800 మందికి ఒక అంగన్‌వాడీ అన్నది లెక్క. మా వీధి పిల్లలు గుడ్డు కోసం పెద్ద ఊళ్ళోని కేంద్రం దాకా నడుస్తారు, అడిగితే "మీ దగ్గర జనాభా సరిపోదు" అంటారు. ఉగాది తర్వాత వచ్చి చూడండి సార్, సరిపోతుందో లేదో. ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చే నిధుల్లోనూ జనాభాకే ఎక్కువ బరువు. ఈసారి కులం కూడా రాస్తారు, జనగణనలో అన్ని కులాలనూ లెక్కించడం 1931 తర్వాత ఇదే మొదటిసారి. సుగ్గికి పోయేవాళ్ళలో ఎక్కువమంది బోయ, కురువ, మాదిగ ఇళ్ళవాళ్ళు. వాళ్ళు ఈ ఒక్క నెల తప్పిపోతే ఇంకో పదేళ్ళు ఆగాలి.

ఇంకో చిక్కుంది. ఇళ్ళ జాబితా రాసేది 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య. అప్పుడు మిరప చేల గట్ల మీద గుడిసెలే ఉండవు. జాబితాలో లేని గుడిసెను ఫిబ్రవరిలో వెతుక్కుంటూ ఎవరు పోతారు? ఎవరో ఒకరు చెప్పి పంపాలి. ఏ ఊరి నుంచి ఎంతమంది ఏ మేస్త్రీ వెంట ఏ మండలానికి పోతున్నారో మా పల్లెల్లో సచివాలయం వాళ్ళకూ, పిల్లలు బడి మానేస్తుంటే చూసే టీచర్లకూ బాగా తెలుసు. జనవరిలోనే ఆ వివరాలు తీసి గుంటూరు, పల్నాడు కలెక్టర్లకు పంపండి. ఇక్కడ తాళం వేసిన ప్రతి ఇంటికీ అక్కడ ఒక గుడిసె ఉంటుంది, రెండూ కలిపి చూసుకోమనండి.

అక్కడ రాసినా ఆ సంఖ్య అక్కడి ఊరికే పోతుందని నాకు తెలుసు. నియమం మార్చడం మీ చేతిలో లేదు. కానీ ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు అని కూడా అడిగి సరిగ్గా రాస్తే, మా మండలాల నుంచి ఎంతమంది పోతున్నారో కాగితం మీదకి వస్తుంది. అంగన్‌వాడీ అడగడానికైనా, పిల్లలకు సీజనల్ హాస్టల్ అడగడానికైనా అప్పుడు మా చేతిలో ఒక అంకె ఉంటుంది.

లెక్క రాసేవాళ్ళకు ఒక్క మాట చెప్పండి. గుడిసెల దగ్గరికి పగలు పోతే పసిపిల్లలు తప్ప ఎవరూ ఉండరు, అందరూ చేలోనో కల్లంలోనో ఉంటారు. చీకటి పడ్డాక, పొయ్యిలు వెలిగించే వేళకు పొమ్మనండి.

ఇట్లు,
కోసిగి మండలం నుంచి ఒక సుగ్గి కూలీ కొడుకు