విత్తనం తప్పు కాదు పాపా

చిరంజీవి పాపకు, నాన్న ఆశీస్సులు.

ఎడగారులో, అంటే ఎండల్లో వేసిన వరిలో, తాలు (గింజ పట్టని పొట్టు) ఎక్కువగా వచ్చిందనగానే ‘నకిలీ విత్తనం అంటగట్టారు, షాపు మీద కేసు వెయ్యి నాన్నా’ అన్నావు. విత్తనం బాగానే ఉందమ్మా. దెబ్బ తీసింది ఎండ.

నకిలీదైతే పైరే చెప్పేస్తుంది. ఒక దుబ్బు ముందు ఈనుతుంది, ఇంకొకటి వెనక, ఎత్తులు కలవవు. మన మడి మొత్తం ఒక్క తీరున ఈనింది. కోతకు ముందు వెన్నులు తెంపి గింజ గింజా నొక్కి చూశాను. ఒకే వెన్నులో పైవన్నీ తాలు, కిందవి గట్టి గింజలు! మామూలుగా తాలు కిందనే ఎక్కువ, ఈసారి తిరగబడింది. వెన్ను ఒక్కరోజులో పూయదు. కొసన మొదలై అడుగుకి దిగడానికి అయిదారు రోజులు పడుతుంది. పైవి పూసిన రోజుల్లో పడమటి గాలి, నిప్పులు చెరిగే ఎండ. తర్వాత మబ్బు పట్టి వాన పడింది, కిందవి బతికిపోయాయి.

వరి పువ్వు పొద్దున తొమ్మిది, పది గంటల తర్వాత విచ్చుకుని గంట తిరిగేసరికి మూసుకుంటుంది. ఆ వేళకి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి తిత్తులు సరిగా పగలవు, పడిన కాస్త పుప్పొడీ మొలకెత్తదు. ఆ తర్వాత ఎంత యూరియా చల్లినా ఆ గింజ పాలు పోసుకోదు.

రాత్రి ఉక్క ఇంకా మోసకారి. పగలు తయారుచేసుకున్న ఆహారాన్ని పైరు రాత్రి శ్వాసకే ఖర్చుపెట్టేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలు 2004లో బయటికొచ్చాయి. రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అక్కడ ఎండాకాలపు పంట 10 శాతం తగ్గింది.

దీనికి మందు లేదా అన్నావు కదా. ఉంది, అదీ విత్తనంలోనే. ఉత్తరప్రదేశ్‌లోని నగీనా ఊరి పేరున్న ఎన్‌22 అనే పాత రకం పూతలో వేడిని బాగా ఓర్చుకుంటుంది. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి ఎండ ముదరకముందే పూసేస్తుంది. ఆ గుణాన్ని ఐఆర్64 అనే సాగు రకంలోకి దించారు కూడా. చిక్కేమిటంటే ఎన్‌22కి దిగుబడి తక్కువ. దానితో సంకరం చేస్తే ఓర్పుతో పాటు ఆ తక్కువ దిగుబడీ వస్తుంది. మంచి రకంతో మళ్లీ మళ్లీ కలుపుతూ, ప్రతి తరంలో ఏరుకుంటూ పోవాలి. ఏళ్లు పడుతుంది. మన నెల్లూరు మసూరికి పొద్దున్నే పూసే గుణం అబ్బితే ఎడగారు రైతుకి అంతకన్నా ఏం కావాలి!

అందాకా నా చేతిలో ఉన్నది తేదీ. బోరు ఉంది కాబట్టి వచ్చేసారి నారు కాస్త ఆలస్యంగా పోసి, పూత జూన్ దాటేలా చూస్తాను. ఆ రోజుల్లో మడి ఆరనివ్వను.

కేసు మాట వదిలెయ్. రబీకి విత్తనం ఆ షాపులోనే తెస్తున్నాను.

మీ నాన్న