శీనుగాడికి, ఆ ఉచిత కోడ్ సంగతి

ఒరేయ్ శీనూ,

నీ వివరాలు ఒక కంపెనీ దగ్గర్నుంచి చోరీ అయ్యాయంటూ వచ్చిందని నువ్వు ఫొటో తీసి పంపిన కాగితం చదివాను. సగం చదివేసరికి మిగతా సగం నేనే అప్పజెప్పేయగలననిపించింది. "మీ గోప్యత మాకు చాలా ముఖ్యం" అని మొదలు. "మీ వివరాలు దుర్వినియోగం అయినట్టు ప్రస్తుతానికి ఆధారాల్లేవు" అని మధ్యలో ఓదార్పు. చివర్లో రెండేళ్ళ ఉచిత క్రెడిట్ మానిటరింగ్ (నీ పేరు మీద ఎవడైనా అప్పుకి వెళ్తే కనిపెట్టి చెప్పే సేవ), ఒక యాక్టివేషన్ కోడ్, దానికో గడువు తేదీ. అమెరికాలో నాలుగేళ్ళు ఉన్నవాడికి ఇలాంటిది ఒక్కటైనా రాకుండా ఉండదు. నాకొచ్చినదాన్ని పంపిన కంపెనీ పేరు నేను జన్మలో వినలేదు. తీరా చూస్తే ఎప్పుడో పన్ను పీకించుకున్న క్లినిక్‌కి బిల్లింగ్ చేసిపెట్టే సంస్థట! పన్ను పోయి ఎన్నాళ్ళో అయింది, దాంతోపాటు ఇచ్చిన సోషల్ నంబర్ (సోషల్ సెక్యూరిటీ నంబర్, ఇక్కడ మనిషికొకటి ఇచ్చే గుర్తింపు సంఖ్య) మాత్రం వాళ్ళ సర్వర్‌లో భద్రంగా, అంటే దొంగలొచ్చేదాకా భద్రంగా, ఉండిపోయింది.

నువ్వడిగింది ఒక్కటే: చేరాలా, చించి పారేయాలా? చేరు. ఊరికే వచ్చేదాన్ని ఎందుకు వదులుకోవాలి? కానీ చేరి "హమ్మయ్య, ఇక టెన్షన్ లేదు" అనుకున్నావో, అసలు పని మిగిలిపోతుంది. ఆ అసలు పని సంగతి ఆ కాగితంలో రెండో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. నువ్వు ఫొటో తీయని పేజీ అదే అయ్యుంటుంది.

ముందు అది నిజమైన కాగితమో కాదో చూసుకో. ఇలాంటి వార్త బయటికి రాగానే దొంగ ఉత్తరాలు, దొంగ మెయిళ్ళు కూడా బయల్దేరతాయి. మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కకు. కంపెనీ సొంత వెబ్‌సైట్ అడ్రసు నువ్వే టైప్ చేసి, అక్కడ ఈ ప్రకటన ఉందేమో చూడు. కాలిఫోర్నియా, మెయిన్ లాంటి రాష్ట్రాల అటార్నీ జనరల్ ఆఫీసులు తమకి అందిన ఇలాంటి నోటీసుల్ని వెబ్‌సైట్‌లో పెడతాయి కూడా. అక్కడ కంపెనీ పేరు కొట్టి వెతికితే, నీకొచ్చిన ఉత్తరం నమూనానే కనబడే అవకాశం ఉంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటావేమో. 2017లో ఈక్విఫాక్స్ గొడవ గుర్తుందిగా? జనం అప్పుల చరిత్ర దాచిపెట్టే క్రెడిట్ బ్యూరో అది. సెప్టెంబరు 7న బయటపెట్టారు, లెక్క తేలేసరికి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. జనం తమ పేరుందో లేదో చూసుకోవడానికి కంపెనీ వాళ్ళు ప్రత్యేకంగా ఒక వెబ్‌సైట్ పెట్టారు. తర్వాత వాళ్ళ సొంత ట్విటర్ ఖాతా నుంచే, అడిగిన వాళ్ళకి, పేరులో మాటలు అటూ ఇటూ అయిన వేరే వెబ్‌సైట్ అడ్రసు ఇచ్చారు! ఆ రెండోదాన్ని పెట్టినవాడు దొంగ కాదు కాబట్టి సరిపోయింది. ఇలా జనాన్ని బుట్టలో వేయడం ఎంత తేలికో చూపించడానికి ఓ ప్రోగ్రామర్ పెట్టిందది. డేటా పోగొట్టుకున్నవాళ్ళే దారి తప్పితే, మనమెంత?

ఇక ఈ ఉచిత సేవ ఏం చేస్తుందో చెప్తాను. ఎవడైనా నీ పేరు మీద, నీ సోషల్ నంబర్‌తో కార్డుకో లోనుకో దరఖాస్తు పెడితే, ఆ బ్యాంకు ఒక బ్యూరో నుంచి నీ క్రెడిట్ రిపోర్ట్, అంటే నీ అప్పుల చరిత్ర, తెప్పించుకుంటుంది. అది రిపోర్ట్‌లో ఎంక్వైరీగా పడుతుంది. పడ్డాక నీకు మెయిలొస్తుంది. అంటే దొంగ గుమ్మం దాటాక మోగే గంట అన్నమాట. మోగకపోవడం కన్నా మోగడం నయమే, కాదనను. అయితే గంట తాళం కాదు. ఇంకో సంగతి, మూడు పెద్ద బ్యూరోలుంటే కొన్ని ప్లాన్లు ఒక్కదాన్నే గమనిస్తాయి. దొంగ వెళ్ళిన బ్యాంకు ఇంకో బ్యూరోని అడిగిందనుకో, నీకు మెయిల్ ఎప్పటికొస్తుందో, అసలొస్తుందో రాదో. మూడు బ్యూరోలూ ఉన్నాయో లేదో ఆ కాగితంలోనే రాసుంటుంది, చూడు.

వచ్చే అలర్ట్‌ల సంగతీ చెప్పాలి. "మీ కార్డు బ్యాలెన్స్ మారింది" అని ఒకటి. నేనే కదా వాడింది! "మీ ఈమెయిల్ డార్క్ వెబ్‌లో కనబడింది" అని మరొకటి. డార్క్ వెబ్ అంటే దొంగిలించిన వివరాలు అమ్ముకునే చాటుమాటు ఇంటర్నెట్. అందులో ఉన్నది నా పాత మెయిల్, ఏ కాలంలో పోయిందో. ఇలాంటివి వరసగా వస్తుంటే, నిజంగా పనికొచ్చేది వచ్చిన రోజున కూడా చూడకుండా పక్కన పడేస్తాం. అందుకని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కొత్త ఖాతా, కొత్త ఎంక్వైరీ, అడ్రసు మార్పు, ఈ మూడూ ఉంచుకుని మిగతావి ఆపెయ్.

పది లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ అని పెద్ద అక్షరాల్లో వేశారు కదా, దాన్ని చూసి మురిసిపోకు. పోయిన డబ్బుకి పోయినట్టు ఇస్తారని కాదు దానర్థం. చాలావరకు అది నీ పేరు మళ్ళీ శుభ్రం చేసుకోవడానికయ్యే ఖర్చుకి: లాయరు ఫీజు, నోటరీ, ఉద్యోగానికి సెలవు పెట్టినందుకు పోయిన జీతం, అలాంటివి. మినహాయింపులు కూడా బోలెడు. నన్నడిగితే ఆ ప్యాకేజీలో అన్నిటికన్నా విలువైనది, ఎవరూ పెద్దగా చూడనిది, చివరన "రిస్టోరేషన్" అని ఉండేది. నిజంగా నీ పేరు మీద దొంగ ఖాతా తెరుచుకుంటే బ్యాంకులకీ బ్యూరోలకీ ఫోన్లు చేసి, కాగితాలు పంపే పనిలో ఒక మనిషి నీకు సాయం ఉంటాడు. ఆ తలనొప్పి ఎలాంటిదో పడ్డవాళ్ళని అడుగు.

ఇంతకీ ఇదంతా కంపెనీల దయ అనుకునేవు. డేటా పోతే జనానికి చెప్పి తీరాలన్న చట్టం మొదట 2003లో కాలిఫోర్నియాలో అమల్లోకి వచ్చింది. 2018 నాటికి 50 రాష్ట్రాల్లోనూ వచ్చేసింది. చాలాచోట్ల చెప్పడం వరకే చట్టం. కొన్ని రాష్ట్రాలు మాత్రం సోషల్ నంబర్ పోతే ఉచిత సేవ కూడా ఇవ్వాల్సిందే అంటాయి. కనెటికట్‌లో 24 నెలలు, మసాచుసెట్స్‌లో 18 నెలలు. మిగతా చోట్ల ఇచ్చేది పరువు కోసం, కోర్టు కేసుల భయానికి. పైగా కోడ్ వాడేవాళ్ళు తక్కువే ఉంటారని వాళ్ళకీ తెలుసు.

నాకు కడుపుమండే భాగం వేరే ఉంది. 2015లో టీ-మొబైల్ ఫోన్ కంపెనీకి దరఖాస్తు పెట్టుకున్న సుమారు 1.5 కోట్ల మంది వివరాలు పోయాయి. పోయింది టీ-మొబైల్ సర్వర్ నుంచి కాదు, వాళ్ళ కోసం క్రెడిట్ చెక్ చేసే ఎక్స్‌పీరియన్ అనే ఇంకో బ్యూరో దగ్గర. మరి బాధితులకి ఇచ్చిందేమిటి? ఎక్స్‌పీరియన్ వాళ్ళదే మానిటరింగ్, రెండేళ్ళు! ఈక్విఫాక్స్‌దీ అదే కథ. పోగొట్టింది వాళ్ళు, కాపలా కాస్తామన్న ట్రస్టెడ్‌ఐడీ ప్రీమియర్ కూడా వాళ్ళదే. దాని షరతుల్లో కోర్టుకెళ్ళే హక్కు వదులుకుంటున్నట్టు ఒక ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు మధ్యవర్తి తీర్పు) క్లాజు ఉంటే, జనం గోల పెట్టాక తీసేశారు. 2019లో ఈక్విఫాక్స్ కేసులో రాజీ కుదిరినప్పుడు, మానిటరింగ్ వద్దనుకుంటే 125 డాలర్లు తీసుకోవచ్చన్నారు. జనం ఎగబడ్డారు. ఆ డబ్బు కోసం పక్కన పెట్టింది మొత్తం 3.1 కోట్ల డాలర్లే. కొద్ది రోజులకే వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్ళు "డబ్బు అంత రాదు, మానిటరింగే తీసుకోండి" అని చెప్పాల్సి వచ్చింది. నువ్వు కూడా చేరేముందు షరతుల్లో ఆర్బిట్రేషన్ మాట ఉందేమో ఒకసారి చూసుకో.

ఇప్పుడు అసలు పనికి వస్తాను. ఫ్రీజ్. క్రెడిట్ ఫ్రీజ్ పెడితే కొత్త బ్యాంకులకి నీ రిపోర్ట్ కనబడదు. కనబడకపోతే అప్పివ్వడానికి సాధారణంగా ఎవడూ ముందుకి రాడు. ఒకప్పుడు దీనికి చాలా రాష్ట్రాల్లో ఫీజు ఉండేది. ఈక్విఫాక్స్ గొడవ తర్వాత కాంగ్రెస్ చట్టం చేసింది, 2018 సెప్టెంబరు 21 నుంచి దేశమంతా ఉచితం. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, మూడింట్లోనూ విడివిడిగా పెట్టాలి. ఒకదాంట్లో పెడితే మిగతావాటికి దానంతటదే వెళ్ళదు. అలా వెళ్ళేది ఫ్రాడ్ అలర్ట్, అది వేరు. అది ఏడాదే ఉంటుంది, "అప్పిచ్చేముందు వీడేనా కాదా చూసుకోండి" అని బ్యాంకులకి హెచ్చరిక మాత్రమే. ఫ్రీజ్ నువ్వు తీసేదాకా ఉంటుంది. నీ క్రెడిట్ స్కోరు తగ్గదు. ఉన్న కార్డులు మామూలుగానే పనిచేస్తాయి.

ఒక్క మెలిక ఉంది, అందుకే ఇంత పెద్ద ఉత్తరం. ముందు ఆ కోడ్ వాడి మానిటరింగ్‌లో చేరు, తర్వాత ఫ్రీజ్ పెట్టు. తిరగేసి చేస్తే, నువ్వెవరో రూఢి చేసుకోవడానికి వాళ్ళకి నీ రిపోర్ట్ దొరక్క, చేరడమే కుదరకపోవచ్చు. చేరేటప్పుడు సోషల్ నంబర్ మళ్ళీ అడుగుతారు. నవ్వొస్తుంది, కానీ ఇవ్వక తప్పదు. తర్వాత ప్రశ్నలు: "ఈ నాలుగు వీధుల్లో మీరు ఎక్కడ ఉండేవారు?", "మీ కారు లోను నెలకి ఎంత?" అని. మన పేర్లతో ఇక్కడే చిక్కు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరం, పైగా చదువుకునే రోజుల్లో నలుగురం కలిసున్న అపార్ట్‌మెంట్ అడ్రసు. ఒక బ్యూరోవాళ్ళు నన్ను ఆన్‌లైన్‌లో గుర్తుపట్టమంటే గుర్తుపట్టలేదు. లైసెన్సు, కరెంటు బిల్లు నకళ్ళు పోస్టులో పంపితే గానీ పని కాలేదు. నీకూ అలా అయితే కంగారు పడకు.

బ్యూరోల వెబ్‌సైట్‌లో ఇంకో తంతు. ఫ్రీజ్ బటన్ కోసం వెతుకుతుంటే "లాక్" అని పెద్ద రంగు బటన్ ఎదురొస్తుంది, కొన్నిచోట్ల నెలవారీ చందాతో. అది వాళ్ళ సరుకు. నీకు కావాల్సింది చట్టం ఇచ్చిన ఫ్రీజ్. ఆ బటన్ కాస్త కిందకి, కాస్త నీరసంగా ఉంటుంది, ఓపికపట్టి వెతుకు.

రేపు ఇల్లు కొనాలన్నా, కారు మార్చాలన్నా తాత్కాలికంగా ఎత్తేయొచ్చు. ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో అడిగితే గంటలోపు ఎత్తేయాలని చట్టం. నేను కారు కొన్నప్పుడు డీలర్‌ని "ఏ బ్యూరోలో చూస్తారు?" అని ముందే అడిగి, అదొక్కటే మూడు రోజులకి తెరిచాను. ఆయన ఒకింత చిరాకు పడ్డాడనుకో, కారు మాత్రం ఇచ్చాడు.

మానిటరింగ్ కంటికీ ఫ్రీజ్‌కీ కూడా అందనివి కొన్ని ఉన్నాయి. ఒకటి టాక్స్. నీ సోషల్ నంబర్‌తో ఎవడో ముందే రిటర్న్ వేసి రీఫండ్ కొట్టేస్తే, నువ్వు వేసినప్పుడు "ఇప్పటికే వచ్చింది" అని తిరగ్గొడతారు. దీనికి ఐఆర్‌ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) వాళ్ళు, రిటర్న్ వేసేది నువ్వేనని రుజువుగా, ఆరంకెల ఐపీ పిన్ ఇస్తారు. ఇదివరకు బాధితులకీ, కొన్ని రాష్ట్రాలవాళ్ళకీ మాత్రమే. 2021 నుంచి అడిగినవాళ్ళందరికీ ఇస్తున్నారు. ఏటా మారుతుంది. మీ టాక్స్ చూసే సి.పి.ఏ.కి ఇవ్వడం మర్చిపోకు. ఇంకోటి ఆసుపత్రి బిల్లులు. ఏ డాక్టరుకి ఎంత కట్టారో చెబుతూ ఇన్సూరెన్స్ వాళ్ళు పంపే ఈఓబీ కాగితాలు నువ్వు విప్పకుండానే సొరుగులో పడేస్తావని నాకు తెలుసు. నువ్వు వెళ్ళని డాక్టరు పేరు కనబడితే వెంటనే ఫోన్ చెయ్. ఉన్న క్రెడిట్ కార్డు నంబర్ పోతే మాత్రం పెద్ద బెంగ అక్కర్లేదు. చట్టప్రకారం నీ బాధ్యత 50 డాలర్లు దాటదు, కొత్త కార్డు వస్తుంది. సోషల్ నంబర్‌కి ఆ సౌకర్యం లేదు, అదే బాధ. రెండేళ్ళ ఉచితం అయిపోయాక కూడా నంబర్ అదే, దొంగ దగ్గరున్నదీ అదే.

ఆ రెండేళ్ళు అయ్యాక చందా కట్టమని మెయిళ్ళు మొదలవుతాయి. చేరేటప్పుడే కార్డు నంబర్ అడిగితే ఆగి చూడు. ఇలాంటి ఉచిత కోడ్‌లకి మామూలుగా కార్డు అక్కర్లేదు, అడిగారంటే నువ్వు వేరే పేజీలోకి వెళ్ళావని అనుమానించాలి. ఫ్రీజ్ ఉన్నవాడికి ఆ చందా కట్టాల్సిన అవసరం నాకైతే కనబడదు. ఆన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు రిపోర్టులూ వారానికోసారి ఉచితంగా చూసుకోవచ్చు. ఏడాదికి నాలుగుసార్లు చూసినా ఎక్కువే.

పిల్లల సంగతి చెప్పలేదు కదూ. ఆ కాగితంలో లలిత పేరు, బుడ్డోడి పేరు కూడా ఉన్నాయేమో చూడు. చిన్నపిల్లల సోషల్ నంబర్ దొంగలకి మహా ఇష్టం, పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఎవరూ చూడరుగా. పదహారేళ్ళలోపు పిల్లలకి తల్లిదండ్రులు ఫ్రీజ్ పెట్టొచ్చు, అదీ ఉచితమే. కాకపోతే జనన ధ్రువపత్రం, సోషల్ కార్డు నకళ్ళు పోస్టులో పంపాలి. నేను మా పాపకి పెట్టినప్పుడు రాసిన కవరింగ్ లెటర్ నా దగ్గరుంది, మెయిల్ చేస్తాను. పేర్లు మార్చుకుంటే చాలు.

నీ కోడ్ గడువు ఈ నెలాఖరుకి అని ఉంది. శనివారం పొద్దున నేను ఖాళీ. నువ్వూ లలితా లాప్‌టాప్ ముందు కూచోండి, పాత అడ్రసులన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, ఫోన్‌లో నేనుంటాను. మూడు బ్యూరోలూ ఆ పూటే కానిచ్చేద్దాం.

ఉంటాను మరి.

నీ
మూర్తి