దావీద్ బొమ్మల నకళ్ల ఆర్డర్ల గురించి, ఉన్నదున్నట్టు

ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లందరికీ నమస్కారం. "ఇంకెప్పుడండీ?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఆలస్యం అవుతోంది, వానలు తగ్గేదాకా ఇలాగే ఉంటుంది. మేం నకళ్లు వేసే ఫ్రెంచ్ చిత్రకారుడు జాక్ లూయీ దావీద్ బొమ్మల్లో ఒంటి మీదా గుడ్డ మడతల్లోనూ బ్రష్ జాడ దాదాపు కనబడదు, అంత నున్నగా రావాలంటే పలచగా ఒక పూత వేసి అది ఆరాకే ఇంకోటి వేయాలి. ఆయిల్ రంగు నీటిరంగులా ఆరదు, అందులోని అవిసె నూనె గాలి తగిలి మెల్లగా గట్టిపడాలి. తొందరపడితే కొన్నాళ్లకు పై పూత నెర్రెలిస్తుంది. కొత్తింటి ముహూర్తం దగ్గరపడ్డవాళ్ల టెన్షన్ నాకు తెలుసు, కానీ పచ్చి బొమ్మ చుట్టి పంపలేను.

'మారా మరణం' (స్నానపు తొట్టిలో హత్యకు గురైన ఫ్రెంచ్ విప్లవ నాయకుడు మారా బొమ్మ) ధర పెంచుతున్నాం. 1793 నాటి అసలు బొమ్మ బ్రస్సెల్స్ మ్యూజియంలో ఉంది. పై సగమంతా ఖాళీ గోడే కదా, దానికింత రేటేంటి అంటారు. ఆ ఖాళీయే కష్టం. దగ్గరగా చూస్తే అది ఒకే ముదురు రంగు కాదు, లెక్కలేనన్ని చిన్న చిన్న బ్రష్ దెబ్బలు, వాటి సందుల్లోంచి లేత రంగు మినుకుమంటుంది. దాన్ని మట్టిరంగుతో ఒక్క ఊపులో అలికేస్తే కింద ఉన్న మనిషి చనిపోయినట్టుండడు, నిద్రపోయినట్టుంటాడు. తొట్టి మీది తెల్లగుడ్డకు వేసిన మాసిక, చేతిలోని ఉత్తరం మీద 1793 జులై 13 అన్న తేదీ, ఇవీ వదలం.

ఆల్ప్స్ దాటే నెపోలియన్ కావాలనేవాళ్లు ఏది కావాలో ముందే చెప్పండి. 1801 నుంచి 1805 లోపు దావీద్ ఈ బొమ్మనే అయిదుసార్లు వేశారు. పారిస్ దగ్గరి మాల్మెజాన్‌లో ఉన్నదాంట్లో అంగీ పసుపు, బెర్లిన్‌లో ఉన్నదాంట్లో ఎరుపు, గుర్రం గోధుమరంగు. తీరా బొమ్మ చేరాక "నెట్‌లో చూసింది ఇది కాదు" అంటే ఇద్దరికీ బాధే. (అసలు నెపోలియన్ కొండ దాటింది కంచరగాడిద మీద, ఆ సంగతి అడిగినవాళ్లకు చెప్తుంటాను.)

ఇకపై 'నెపోలియన్ పట్టాభిషేకం' మూడడుగుల సైజులో వేయం. పారిస్ మ్యూజియం లూవ్ర్‌లో ఉన్న అసలుది దాదాపు 10 మీటర్ల వెడల్పు, అందులో వందకు పైగా మనుషులు, మూడడుగులకు కుదిస్తే ముందు వరసవాళ్ల ముఖమే బొటనవేలి గోరంత అవుతుంది, వెనకవాళ్లు రంగు చుక్కలే. అంత డబ్బు తీసుకుని చుక్కలివ్వడానికి మనసొప్పదు. ఆ సైజే కావాలంటే మంచి ప్రింట్ తీసుకోండి, నయం.

ఇప్పటికే ఆర్డర్ ఇచ్చినవాళ్లకు పాత ధరే. ఆగలేమనుకుంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కిస్తాం, మొహమాటపడకుండా అడగండి. ప్రతి కాన్వాస్ వెనకా ఇది నకలని, ఏ మ్యూజియంలోని బొమ్మ చూసి వేశామో రాసే పంపుతాం.