గోకవరం బస్టాండు పందెం తేలింది

లాస్ ఏంజిలిస్,
ఆదివారం రాత్రి

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరం అంది రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు క్షమించు. ఇక్కడ అందరమూ కులాసా. ఇల్లు మారాము, పాపకు పళ్ళు వస్తున్నాయి, కొత్త చిరునామా ఉత్తరం చివర రాస్తాను. ఇక అసలు సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు.

నిన్న మా పెళ్ళిరోజు. నీ చెల్లెలు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నందున శాంటా మోనికాలోని 'షీన్‌వా ఆన్ మెయిన్' హోటలుకు వెళ్ళాము. అది వూల్ఫ్‌గాంగ్ పక్‌ది. ఆస్ట్రియాలో పుట్టి, ఫ్రాన్సు వంటశాలల్లో చెయ్యి తిరిగి, 1973లో అమెరికా చేరి, 1982లో 'స్పాగో' అనే హోటలుతో పేరు తెచ్చుకున్న ఆయన, మరుసటి ఏడాదే దీనిని తెరిచాడు. 'షీన్‌వా' అంటే ఫ్రెంచిలో 'చైనాకు చెందినది' అట. ఆ మాట వినగానే నీవే గుర్తుకు వచ్చావు. గోకవరం బస్టాండు దగ్గర నూడుల్స్ బండి ముందు, "చైనావాడు గుర్తుపట్టలేని వంటకు చైనా పేరెందుకు?" అని నీవు, "రుచి ఉంటే చాలదా?" అని నేను, ఏడో ప్లేటు మంచూరియా చల్లారిపోయేదాకా వాదించుకుని, దాని డబ్బులకే పందెం కాసుకున్న రాత్రి నీకూ గుర్తుండే ఉంటుంది.

అక్కడ వంటగది అందరికీ కనబడేలా ఉంటుంది. వచ్చినవన్నీ బల్ల మధ్యన పెట్టుకుని, మన ఇళ్ళలో లాగా, పంచుకుని తినడమే పద్ధతి. మొదట క్యాబేజీ, కోడిమాంసం కలిపిన సలాడ్ వచ్చింది. అందులోని ఆవ ఘాటు ముక్కుకెక్కగానే నీ చెల్లెలు, "ఇది ఆవపెట్టిన కూర కదండీ!" అన్నది. తరువాత షాంఘై లాబ్‌స్టర్. పేరు షాంఘైదే కాని సాసులో ఉన్నది కర్రీ, పైన కరకరలాడేలా వేయించిన పాలకూర. ఆపైన వచ్చింది, సత్యం, నిండు చేప! మన జెల్లల జాతిదే; ఒంటినిండా గాట్లు పెట్టి, వాటిలో అల్లం కూరి, తల తోకలతో సహా నూనెలో వేయించి, పక్కన జపానువారి పుల్లని పొంజు సాసు ఇచ్చారు. చర్మం అప్పడంలా విరిగింది, లోపలి కండ మాత్రం వెన్నలా ఉన్నది. ఆ పులుపు చేప రుచిని కప్పకుండా పైకి తెచ్చింది. నన్నడిగితే లాబ్‌స్టర్ కన్నా ఇదే ఎన్నో రెట్లు మేలు.

ఆ చేప తింటూనే మన పందెం తేల్చాను. మనం తిన్న మంచూరియా 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో నెల్సన్ వాంగ్ చేతిలో పుట్టినది. ఆయన కలకత్తాలో పుట్టిన చైనా సంతతివాడు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పద్ధతిలోనే వేయించి, గరం మసాలా వేయవలసిన చోట సోయా సాసు పోశాడు. చైనావాడు గుర్తుపట్టడన్నావు, వండినవాడే చైనా ఇంటి బిడ్డ! అక్కడ నీవు ఓడిపోయావు. అయితే నేనూ గెలవలేదు. రుచి ఒక్కటే చాలదని, పేరుకూ విలువ ఉన్నదని నిన్న తెలిసింది. పక్ తన హోటలుకు చైనా పేరు పెట్టలేదు, చైనాకు చెందినదాన్ని ఫ్రెంచివాళ్ళు పిలిచే మాట పెట్టాడు. తాను ఏ గుమ్మంలో నిలబడి ఆ దేశం వైపు చూస్తున్నాడో ఆ మాటలోనే చెప్పేశాడు. కాబట్టి ఏడో ప్లేటు డబ్బులు చెరిసగం.

అన్నట్టు, ఆ ఎర్ర సాసు సీసా సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. నీ చెల్లెలు నిన్న అడిగింది కాని నేను

పాప లేచింది. చిరునామా రేపు రాస్తాను.

నీ
మూర్తి