దస్తూరి ముత్యాలే, మరి అర్థం?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యాశాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

బధిరుల పాఠశాలలో ఏ నోటుపుస్తకం తెరిచినా దస్తూరి చూడముచ్చటగా ఉంటుంది. బోర్డు మీది వాక్యం తప్పు లేకుండా దిగుతుంది. అదే వాక్యానికి అర్థం సైగల్లో చెప్పమంటే చాలామంది ఆగిపోతారు.

వినే పిల్లలు తెలుగు మాట్లాడటం వచ్చాకే బడికొస్తారు, అక్షరం నేర్పితే చాలు. బధిర పిల్లల్లో అత్యధికుల తల్లిదండ్రులు వినగలవాళ్లే. ఆ ఇంట్లో తెలుగు వినపడదు, సైగల భాష దొరకదు. ఏ భాషా లేని బిడ్డ చేత ‘అ అంటే అమ్మ’ అని పలికిస్తే అక్షరం గీతగానే మిగులుతుంది.

తెలుగుతో ఇంకో చిక్కుంది. ‘రవి సీతకు పుస్తకం ఇచ్చాడు’, ‘రవికి సీత పుస్తకం ఇచ్చింది’. పేర్లు అవే, వరుసా అదే. ఇచ్చిందెవరో తేల్చేవి విభక్తి, క్రియ చివర. భారతీయ సంజ్ఞా భాషలో ఆ పని చెయ్యి కదిలే దిశ చేస్తుంది, ‘కు’కి విడిగా సైగ ఉండదు. అందుకే పిల్లలు దాన్ని వదిలేసి ఊహిస్తారు. ‘వచ్చాడు’, ‘రాలేదు’ మరీ కష్టం. సైగలో ‘రావడం’ పక్కన ‘లేదు’ చేరితే సరి. అచ్చులో ఒక్క అక్షరమూ కలవదు!

కాబట్టి ముందు కథంతా సంజ్ఞా భాషలో చెప్పాలి, అచ్చు తర్వాత. కొత్త మాటకు సైగ, ఆ మాట రాసిన కార్డు, మళ్లీ సైగ. రోజుకు ఐదారు మాటలు చాలు. విభక్తులు వేరే రంగులో రాసి, పుస్తకం ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లిందో పిల్లల చేతే చేయించాలి. మాటకో సైగ చొప్పున తెలుగు వరుసలో చేతులాడిస్తే కుదరదు. ‘తల తిరిగింది’ అని అలా చెబితే బిడ్డ తల తిప్పి వెనక్కి చూస్తాడు.

ఇది చేయగలవాళ్లు సంజ్ఞా భాషలోనే పెరిగిన బధిర ఉపాధ్యాయులు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ సంజ్ఞా భాష తెలిసిన ఉపాధ్యాయులను, వికలాంగులతో సహా, నియమించమంటోంది. ప్రాథమిక తరగతికి ఒక్కరినైనా ఇవ్వండి. అదే సెక్షన్ రెండో, మూడో భాష నుంచి మినహాయింపూ ఇచ్చింది. మంచిదే, కానీ మిగిలిన ఆ ఒక్క భాషైనా రావాలి కదా.

పరీక్ష కూడా మార్చండి. ‘ఖాళీలు పూరించండి’లో పిల్లలు పాఠంలో అదే ఆకారం వెతికి రాసేస్తారు, మార్కులు పడతాయి, లోపం కనపడదు. బదులుగా చదవని నాలుగు వాక్యాలిచ్చి, జవాబు సైగల్లో చెప్పించి వీడియో తీయండి. ఈ ఏడాది మూడో తరగతితో మొదలుపెట్టినా చాలు.

ఇట్లు,
బధిర విద్యలో పనిచేస్తున్న ఉపాధ్యాయులు, సంజ్ఞా భాషా అనువాదకులు