లెక్కల నోట్సుల మేక బొమ్మ గురించి, ఇంకొన్ని సంగతులు

అమ్మలకు, నాన్నలకు, ఇంట్ల ఉన్న నానమ్మలకు, తాతలకు నమస్తే.

ఈ నెల ఉత్తరంల ముందుగాల పరీక్షల సంగతి రాద్దామనుకున్న, కానీ పోయిన గురువారం నుంచి క్లాస్ గ్రూపులల్ల తిరుగుతున్న ఫోటో గురించి చెప్పకుండా నేను ఇంకేం రాసినా మీరు చదవరని నాకు తెలుసు. ఆరో తరగతి లెక్కల నోట్సు, భిన్నాల పేజీ, మూడో లెక్క సగంల ఆగిపోయి ఉన్నది, దాని పక్కన కళ్లద్దాలు పెట్టుకొని చాక్‌పీస్ పట్టుకున్న మేక. ఆ ఫోటో కింద "ఫీజులు కట్టేది దీనికా" అని ఒకరు రాసిన్రు, ఇగ ఆ తర్వాత మెసేజ్‌లే మెసేజ్‌లు. లెక్కల సారును పిల్లగాడు ఎక్కిరిస్తున్నడని కొందరు, డ్రాయింగ్ పీరియడ్ తీసేసి ఆ టైంల మ్యాథ్స్ పెట్టుమని కొందరు, ఒకరైతే రాత్రి పదిన్నరకు ఫోన్ చేసిన్రు. మీరు అడుగుడుల తప్పు లేదు, అడగాలె. కాకపోతే బడికి వచ్చి అడిగితే ఇద్దరం కూసొని మాట్లాడుకుందుము కదా, పిల్లగాని నోట్సు ఫోటో రెండు వందల మందికి పంపుడు ఎందుకు.

జరిగింది చెప్త. ఫేర్ నోట్సుల బొమ్మ గీసుడు తప్పే. ఆ మాట మేకను గీసిన పిల్లగానికి నేనే చెప్పిన, వాడు ఒప్పుకున్నడు, ఆగిపోయిన లెక్క పూర్తి చేసి తెచ్చి చూపించిండు. ఆ మేక మన లెక్కల సార్ కాదు. సారుకు గడ్డమే లేదు, మీరందరు చూసిన్రు. ఆ పిల్లగాని ఇంటికాడ మేకలున్నయి, అండ్ల ఒకదానికి పొడుగు గడ్డం, తాతలెక్క ఉంటది, అందుకే పాఠం చెప్తున్నట్టు గీసిన మేడం అన్నడు. సార్ కూడా ఆ బొమ్మ చూసి కోపం చేయలే, తెల్లారి క్లాసుల అదే మేకను బోర్డు మీద గీయించి తలను ఒక కొలతగ తీసుకొమ్మన్నడు. పెద్ద మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు ఉంటది, కార్టూన్ బొమ్మ రెండు తలలో మూడు తలలో ఉంటది, అంటే తల మొత్తంల సగమో మూడో వంతో. భిన్నాలు అంటే తల పట్టుకునే పిల్లలు కూడా ఆ రోజు స్కేల్ తీసి ఒకరినొకరు కొలుచుకున్నరు.

నాకు బాధైంది వేరే దగ్గర. ఆ ఫోటో వచ్చిన రాత్రే వాని డ్రాయింగ్ బుక్కు ఇంట్ల చింపిన్రు. సోమవారం వాడు ఆ కాగితాలన్ని అన్నం మెతుకులతోటి అతికించుకొని తెచ్చిండు, గమ్ము కొనియ్యుమని అడగడానికి భయమైందంట. ఇరవై రెండేండ్ల నుంచి పాఠం చెప్తున్న, ఆ బుక్కు చేతుల పట్టుకున్నంక నాకు ఆ పూట క్లాసుకు పోబుద్ధి కాలే. వాళ్ల నాన్న నాకు తెలుసు, కష్టపడే మనిషి, కొడుకు మీద పాణం. అయినా అన్నా, అది చింపేది కాదు.

శనివారం ఆఖరి రెండు పీరియడ్లు డ్రాయింగ్, అండ్ల కార్టూన్ జంతువులు గీసుడు ఎట్ల నేర్పుతున్నమో జర ఓపికతోటి చదవండి. మొదటి నాలుగు వారాలు జంతువే లేదు, వట్టి గుండ్రాలు, కోడిగుడ్డు ఆకారం, జామకాయ ఆకారం, అంతే. వేళ్లతోటి కాదు, చెయ్యి మొత్తం కదిలించి, పెన్సిల్ మీద బరువు వేయకుండా, గీత కనపడీ కనపడనట్టు గీయాలె, ఎందుకంటే ముందుగాల గీసేవి ఆఖరికి ఉండయి, వాటి మీద సరైన గీత పడుతది. తర్వాత తలకు ఒక గుండ్రం, దాని మీద నిలువు గీత ఒకటి, అడ్డం గీత ఒకటి, కండ్లు ఈ అడ్డం గీత మీద వస్తయి. మొహం పక్కకు తిప్పాలంటే ఆ గీతలు కూడా గుండ్రం తోటి వంగాలె. ఇది నోటితోటి చెప్తే అర్థం కాలే, మన నల్లగొండ బత్తాయి తెచ్చి దానికి రెండు రబ్బరు బ్యాండ్లు వేసి తిప్పి చూపిస్తే ఐదో తరగతోళ్లకు కూడా ఒక్క నిమిషంల అర్థమైంది. కండ్లు పెద్దగ చేసి అడ్డం గీత కిందికి దించితే పసి జంతువు, చిన్నగ చేసి పైకి జరిపితే ముసలిది. అదే గుండ్రానికి పొడుగు చెవులు పెడితే కుందేలు, మూడు మూలల చెవులు పెడితే పిల్లి, కిందికి వాల్చి గడ్డం పెడితే మేక. మిక్కీ మౌస్ 1928ల జనం ముందుకు వచ్చింది, ఇప్పటికీ దాని తల మూడు గుండ్రాలే, ఎటు తిరిగినా చెవులు గుండ్రంగనే ఉంటయి. సినిమాల సెకనుకు 24 ఫ్రేములు, అన్ని బొమ్మలు చేతితోటి గీయాలంటే గుండ్రం కన్నా సులువైంది ఏమున్నది? బొమ్మ మొత్తం నల్లగ నింపేసినా అది ఏ జంతువో తెలవాలె, అదీ మేం పెట్టే పరీక్ష.

ఇదంతా ఆట అని మీరంటే నేను ఒప్పుకోను. కుక్క వెనక కాలు గీయాలంటే మోకాలు వెనకకు వంగుతదని అందరం అనుకుంటం, అట్లనే గీస్తం. అది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన పొట్ట దగ్గర ఉంటది, మన లెక్కనే ముందుకు వంగుతది. కుక్క నడిచేది వేళ్ల మీద. పది మంది పిల్లలు ఈ సంగతి గేటు కాడ పండుకున్న కుక్కను చూసి వాళ్లంతట వాళ్లే కనిపెట్టిన్రు, బయాలజీ మేడం వచ్చి అవునన్నది. మేక కంటిపాప అడ్డంగ ఉంటది, పిల్లిది ఎండల నిలువుగ గీత లెక్క అయితది. జింక కండ్లు పక్కలకు ఎందుకున్నయి, పులి కండ్లు ముందుకు ఎందుకున్నయి అని ఒక పిల్ల అడిగింది, తినేదానికి ముందుకు చూసే పని, తప్పించుకునేదానికి నాలుగు దిక్కులు చూసే పని అని ఇంకో పిల్లనే జవాబు చెప్పింది. అమ్రాబాద్ అడవుల పులులున్నయని పుస్తకంల చదివిన పిల్లలకు ఆ పులి మొహం ఎట్లుంటదో ఇప్పుడు తెలుసు. చూసుడు నేర్చుకున్నోడు పాఠం కూడా చూసి చదువుతడు, నేను రోజూ కండ్లార చూస్తున్న.

పిల్లల గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టది. తిప్పర్తి దిక్కు నుంచి బస్సుల వచ్చే ఏడో తరగతి అమ్మాయి పాలపిట్టను గీసింది. కరెంటు తీగ మీద కూసున్నప్పుడు మట్టి రంగు, రెక్క విప్పితే నీలం, రెండు బొమ్మలు పక్కపక్కన. దసరా నాడు పాలపిట్టను చూడాలని అందరం పోతం, మన రాష్ట్ర పక్షి అని జీకేల రాస్తం, కూసున్నప్పుడు దాని నీలం సరిగ కనపడదని మనల ఎంతమందిమి గమనించినం? ఐదో తరగతిల ఒకబ్బాయి ఉన్నడు, జూన్ నుంచి క్లాసుల నాలుగు మాటలు మాట్లాడిండో లేదో, ఒకే బర్రెను ఐదు సార్లు గీసిండు, కనుబొమ్మలు, చెవులు మాత్రమే మార్చి కోపం, భయం, నిద్ర, ఆకలి, సంబరం చూపించిండు. సంబరం బర్రెను చూసి క్లాసంతా చప్పట్లు కొట్టింది, వాడు సిగ్గుపడి బెంచీ కిందికి వంగిండు. కార్టూనిస్టు పామర్తి శంకర్ గారు మన నల్లగొండ మనిషే, 2014ల మండేలా క్యారికేచర్‌కు, అంటే పోలికలు పెంచి గీసిన మొహం బొమ్మకు, వరల్డ్ ప్రెస్ కార్టూన్ అనే అంతర్జాతీయ పోటీల పెద్ద బహుమతి గ్రాండ్ ప్రి గెలిచిన్రు. ఈ ముచ్చట పిల్లలకు చెప్పినప్పుడు ఆ అబ్బాయి మొహం మీరు చూడాల్సి ఉండె.

ఇగ ఇంటి సంగతులు, ప్రేమతోటే చెప్తున్న. పోయిన వారం హోంవర్కుల ఏనుగు గీసుకొని రమ్మంటే పద్నాలుగు ఏనుగులు పెద్దోళ్ల చేతి గీతలు. మీరు చక్కగ గీస్తున్నరు, సంతోషం, కానీ మార్కులు మీకు వేయలేను కదా. ఫోన్ల బొమ్మ పెట్టి దాని మీద కాగితం పరిచి గీయించకండి. 48 రంగుల స్కెచ్ పెన్నుల డబ్బాలు వస్తున్నయి, ఒక్క హెచ్‌బీ పెన్సిల్ మాత్రం వస్తలేదు, అది చెక్కిచ్చి పంపుడు ఐదు నిమిషాల పని. వంకర గీత గీస్తే "చెడగొట్టినవ్" అనకండి, ఆ మాట అన్న రోజు నుంచి పిల్లలు రబ్బరు కింద పెట్టరు, కాగితం చిరిగేదాకా రుద్దుతరు. అన్నం తినేటప్పుడు ఫోన్ ఇస్తున్నమని మీరే చెప్తున్నరు, బొమ్మలు గీసుకుంట టైం ఖరాబు చేస్తున్నడని కూడ మీరే అంటున్నరు, ఈ రెండు మాటలు ఎట్ల పొసుగుతయో నాకు అర్థం అయితలేదు.

డ్రాయింగ్ పీరియడ్ తీసేసేది లేదు. ఫేర్ నోట్సుల బొమ్మలు వద్దు, దానికి రఫ్ బుక్కు ఉన్నది, ఈ మాట పిల్లలకు అసెంబ్లీల చెప్పినం. చిరిగిన బుక్కు అబ్బాయికి బడి తరఫున కొత్తది ఇచ్చినం, వాడు పాతది కూడ దాచుకుంటా అన్నడు. నవంబర్ 14 నాడు పిల్లల బొమ్మలన్ని వరండాల పెడుతున్నం, మీరు కూడ రావాలె, వచ్చినోళ్లు ఒక గుండ్రం నుంచి ఒక జంతువు గీసి పోవాలె, పెన్సిల్ మేమే ఇస్తం.

ఎఫ్ఏ-2 పరీక్షల టైంటేబుల్ డైరీల అతికిచ్చినం, ఆధార్‌ల పేరు తేడా ఉన్నోళ్లు జల్ది సరిచేయించుకోండి, ఫీజు బాకీ ఉన్నోళ్లు ఆఫీసుల కలవండి. తిప్పర్తి బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందు వస్తది. గేటు తొమ్మిదికి మూస్తం, తొమ్మిది ఐదుకు వచ్చి వాచ్‌మన్ తోటి గొడవ పడకండి, ఆయన నేను చెప్పిందే చేస్తున్నడు.

మీ
హెడ్ మేడం